మూడు జతల అచ్చ ఉన్ని

దారం చేతికిస్తే చాలు, అందులో ఏమేం కలిసిందో సక్కుబాయి అగ్గిపుల్ల గీసి చెప్పేస్తుంది. సాతంరాయి దాటాక బెంగళూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉన్న సాక్సుల కార్ఖానాలో ఆమెకు ఆ పేరుంది. పోగు తెంపి అంటిస్తే వెంట్రుక కాలిన కమురు వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతే ఉన్ని. కరిగి చివర నల్లటి గట్టి పూస కడితే నైలాన్. కాగితం కాలిన వాసనొస్తే నూలు. ఈ మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు. వందలో ఉన్ని ఎన్ని పాళ్ళు, నైలాన్ ఎన్ని పాళ్ళు అని ముక్కుతో తేల్చడం మాత్రం ఆమె ఒక్కదానికే చెల్లింది. క్వాలిటీ చూసే అనుపమ మేడం దగ్గర మిషన్లున్నాయి, సీసాల్లో మందులున్నాయి. అయినా కొత్త దారం పెట్టె విప్పిన రోజు ముందుగా ఆమెనే పిలిచి, "మీరేమంటారండీ సక్కుబాయి గారూ" అని అడిగేది.

అలా అడగడంలోనే చెడింది. ఒక పనిలో పేరొచ్చిన మనిషి, పక్క పని కూడా తనకు వచ్చేసిందనుకుంటుంది. సక్కుబాయి వయసు నలభై ఎనిమిది, మాట కటువు, చెయ్యి చురుకు. ఆమెకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు ఆ షెడ్డులో లేరు. ఇంట్లో అసలే లేరు.

ఆమెది కురుమల ఇల్లు. వాళ్ళలో పెళ్ళికి చేతికి ఉన్ని పోగు కట్టుకునేవాళ్ళు వేరు, నూలు పోగు కట్టుకునేవాళ్ళు వేరు. పాతరోజుల్లో ఈ రెండు తెగల మధ్య పిల్లనిచ్చిపుచ్చుకోవడం ఉండేది కాదు. సక్కుబాయి పుట్టిల్లూ అత్తిల్లూ ఉన్ని కంకణమే. తండ్రి గొంగళ్ళు నేసేవాడు. నేతలో ఎక్కడైనా ఒక్క నూలు పోగు కనిపిస్తే మగ్గం ఆపి, దాన్ని పట్టి లాగి, పురుగును పారేసినట్టు బయట పారేసేవాడు. ఉన్నిలో ఇంకోటి కలపడమంటే ఆ ఇంట్లో పాలల్లో నీళ్ళు కలపడం కాదు, అంతకంటే పెద్ద తప్పు. అది ఆమె ఒంట్లో ఉంది. పదిహేనేళ్ళుగా కలిపిన దారంతో సాక్సులు చేసే చోట పనిచేస్తున్నా, ఒంట్లోంచి పోలేదు.

భర్త కొండల్ ఒకప్పుడు గొర్రెలు కాసేవాడు. గడ్డి ఉన్న నేలలన్నీ ఒక్కొక్కటే ప్రహరీల వెనక్కి పోయాక మంద అమ్మేసి, ఎయిర్‌పోర్టు కార్గోలో పనికి కుదిరాడు. మందుల పెట్టెలు విమానమెక్కేదాకా దాచే చల్లగది అది. సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. ఇరవై నిమిషాలు లోపల, పది నిమిషాలు బయట. లోపల పెట్టెలు మోస్తే చెమట, ఆ చెమట మీద చలి. ఎండల్లో తిరిగిన మనిషి, మొదటి నెల రోజులూ ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నుంచి లేచేవాడు కాదు.

చలికి అలవాటు పడ్డాడు. ఆ తర్వాత వచ్చిన షుగరు జబ్బుకూ అలవాటు పడి పట్టించుకోకపోవడమే ప్రమాదమైంది. నాలుగేళ్ళ కిందట శంషాబాద్ దవాఖానలో డాక్టరు అతని అరికాలు మీద గుండుసూదితో గుచ్చాడు. కొండల్ గోడ మీది క్యాలెండర్ చూస్తూ, "ఇగ గుచ్చరా సార్" అని అడిగాడు. డాక్టరు సక్కుబాయి వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ కాళ్ళు ఈయనకు ఇక ఏదీ చెప్పవు. మేకు దిగినా తెలియదు. రోజూ మీరే చూడాలి. ఒక్క చిన్న పుండు చాలు, కాలు పోతుంది."

ఆ మాట విన్నప్పటి నుంచి సక్కుబాయికి బతుకంతా ఆ రెండు పాదాలే. రోజూ కొండల్ డ్యూటీ దిగి రాగానే గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడిగి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని, సెల్‌ఫోన్ లైటు వేసి వేలు వేలు మధ్యా చూసేది. కార్గోవాళ్ళు ఇచ్చిన నూలు సాక్సులు చెమటకు తడిసి చల్లబడి, వేళ్ళు తెల్లగా నానిపోయేవి. ఆమె వాటిని మాన్పించి, కార్ఖానాలో చిన్న చిన్న కుట్టు లోపాలతో పక్కన పడేసిన మెరినో సాక్సులు అడిగి తెచ్చింది. వందలో డెబ్బై పాళ్ళు మెరినో గొర్రెల సన్న ఉన్ని, ఇరవై ఐదు నైలాన్, ఐదు సాగే దారం. అవి తొడిగాక రెండు చలికాలాలు కొండల్ పాదం మీద గీత కూడా పడలేదు. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు.

పోయిన కార్తీకంలో కార్ఖానాకు ఒక నమూనా దారం ఉండ వచ్చింది. ఎప్పటిలాగే సక్కుబాయి పోగు తెంపి అంటించింది. పూస కట్టలేదు. ఇంకో పోగు అంటించింది. బూడిదను అరచేతిలో రుద్ది చూసుకుంది. ఒక్క పాలు కూడా వేరే ఏదీ లేదు. పదిహేనేళ్ళలో ఆ షెడ్డులో ఆమె చేతికి వచ్చిన మొదటి అచ్చ ఉన్ని అది. తండ్రి మగ్గం ఉన్న గది మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది.

అనుపమకు అలాంటి గదులేమీ గుర్తుకు రాలేదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన పిల్ల, దారాల చదువు చదువుకుంది, మెత్తగా మాట్లాడుతుంది, లెక్క తప్పదు. ఆ దారంతో ఒక ముక్క, మామూలు దారంతో ఒక ముక్క అల్లించి, రెండింటినీ రాపిడి మిషన్ మీద పెట్టి అందరినీ పిలిచింది. టీ తాగి వచ్చేసరికి అచ్చ ఉన్ని ముక్క మధ్యలో వెలుతురు కనబడింది. కలిపిన ముక్క అలాగే ఉంది.

"చూశారా అండీ. ఉన్ని వెచ్చగా ఉంచుతుంది, చెమటను లోపలికి పీల్చుకుని కూడా పొడిగా అనిపిస్తుంది. కానీ రాపిడికి ఆగదు. నైలాన్ దాన్ని నిలబెడుతుంది. సాగే దారం సాక్సును కాలికి పట్టి ఉంచి ముడత పడనివ్వదు. బూటులో ఒక్క ముడత ఉంటే సాయంత్రానికి పుండే."

"అంటే మా ఇంటాయన కాళ్ళకు వందల ముప్పై పాళ్ళు పిలాస్టికేనా మేడం?" అంది సక్కుబాయి. నలుగురూ నవ్వారు. అనుపమ కూడా నవ్వి, ఆ ఉండను వాపసు పంపే అరలో పెట్టేసింది.

సక్కుబాయి నవ్వలేదు. నాలుగు రోజుల ముందే కొండల్ పిక్క మీద సాగే దారం నొక్కిన ఎర్రటి చార చూసింది. అది అరగంటలో పోయే చార. ఆమె మనసులోంచి మాత్రం పోలేదు. తన తండ్రి నేసిన గొంగడి ముప్పై ఏళ్ళు ఎండకూ వానకూ ఆగింది కదా, దాంట్లో ఏ నైలాన్ ఉంది? ఈమె నిన్నగాక మొన్న పుట్టి ఉన్ని ఆగదని నాకు చెబుతుందా? ఇదీ ఆమె వాదం. వినడానికి బాగానే ఉంది. గొంగడి భుజాన కప్పుకునేది, దాని మీద డెబ్బై కిలోల మనిషి పొద్దంతా నిలబడడు అనే ఒక్క సంగతి తప్ప అన్నీ సరిపోయాయి.

అల్లిక మిషన్ నడిపే ముత్తయ్య ఆమెకు తమ్ముడి వరస. మధ్యాహ్నం అన్నాల వేళ, వాపసు పోవాల్సిన ఆ ఉండలో మిగిలిన దారంతో మూడు జతలు అల్లించుకుంది. అల్లి ఇచ్చాడు గానీ అతనికి మనసొప్పలేదు.

"అక్కా, మనం వాడే దారానికి ఉతికినా ముడుచుకోకుండ మందు పట్టిచ్చి వస్తది. దీనికి పట్టియ్యలే. వేడినీళ్ళు తగిల్తె గడ్డ కడ్తది, జర చూసుకో."

"కట్టాలె. కడ్తెనే గట్టిగైతది. గొంగడి ఎట్లైతదనుకున్నవ్ మరి?"

"గొంగడి బూటుల తొడుగరు గదనే."

"నాకు చెప్పొచ్చినవ్ పో" అని ఆమె జతలు సంచిలో వేసుకుంది. ముత్తయ్య ఇంకో మాట అనబోయి, మిషన్ ఆగిపోయిందని అటు పరుగెత్తాడు. ఆ మిషన్ ఇంకో రెండు నిమిషాలు ఆగకుండా ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి ఆమె చేసిన పని, ఆ షెడ్డులో పనిచేసే అరవై మందిలో ఇంకెవరికీ తోచనిది. మరిగే నీళ్ళలో కుంకుడు రసం పోసి, సాక్సు మడమలను ముంచి, తండ్రి గొంగడిని తొక్కించి గట్టి చేసినట్టు, అరచేతులతో రుద్దింది. ముంచడం, రుద్దడం, మళ్ళీ ముంచడం. పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, మడమ మందంగా, తోలులాగా తయారైంది. అది చూసి ఆమెకు నిజంగానే సంబరం వేసింది. నైలాన్ చేసే పని తన చేతులే చేసేశాయి. మేడంకు చూపిద్దామా అనుకుని, వాపసు దారం సంగతి బయటపడుతుందని మానుకుంది. చూపించి ఉంటే ఎన్ని తిట్లు పడినా బాగుండేది.

మర్నాడు కొండల్ అవి తొడుక్కుని పనికి పోయి వచ్చాడు.

"ఎట్లున్నయయ్యా?"

"మెత్తగున్నయే. వెచ్చగున్నయ్."

"ఉండవా మరి. మా బాపు ఉంటే నిన్ను చూసి మురుస్తుండె" అని ఆమె నవ్వింది. ఆ సాయంత్రం పాదాలు చూసింది. ఏమీ లేదు. మర్నాడూ చూసింది. మూడో రోజు చుట్టాలు వచ్చి చూడలేదు. నాలుగో రోజు చూడబోతే కొండల్, "అచ్చ ఉన్ని తొడిగిచ్చినవ్ గద, ఇగ ఏమైతది, ఊకో" అన్నాడు. ఆమెకు ఆ మాట తీయగా తగిలింది. నాలుగేళ్ళలో మొదటిసారి సెల్‌ఫోన్ లైటు వేయకుండా అన్నం వడ్డించింది. ఆ తర్వాత అదే అలవాటయింది. భయం లేకుండా బతకడం ఎవరికైనా ఎంత తొందరగా అలవాటవుతుందో.

ఉతికిన ప్రతిసారీ ఆమె సాక్సు మడమను మళ్ళీ రుద్దేది. రుద్దిన ప్రతిసారీ మందమైన చోటు ఇంకాస్త ముడుచుకునేది, పక్కనున్న పలుచని అల్లికను తన వైపు లాక్కునేది. ఆ రెండూ కలిసే చోట, సరిగ్గా మడమ కింద, లోపలి వైపు ఒక కట్ట లేచింది. చింతగింజ మందం ఉంటుందేమో. పైన పట్టి ఉంచే సాగే దారం లేదు గనుక సాక్సు జారి జారి ఆ కట్టతో మడమను రుద్దేది. అది బయటికి కనిపించదు; రుద్దే చేతికి తగిలినా ఆమెకు అది గట్టిదనంగానే తోచేది. వేరే ఎవరి కాలైనా మొదటి గంటలోనే కుంటించి, బూటు విప్పించి, సాక్సును మూలకు విసిరేయించేది. కొండల్ కాలు ఏమీ అనలేదు. రోజుకు ఎనిమిది గంటలు, గడ్డకట్టిన నేల మీద, పెట్టెలు మోస్తూ ఆ కట్ట మీదే నడిచాడు.

తొమ్మిదో రోజునో పదో రోజునో పక్కింటి కుక్క బస్‌స్టాపు నుంచి కొండల్ బూట్ల వెంట మూతి పెట్టుకుని వచ్చింది. సక్కుబాయి చీపురు విసిరి తరిమింది. అది గేటు బయట కూర్చుని పోలేదు. బూట్లు గడప పక్కన పెడితే లోపలి నుంచి ఏదో వాసన. తడి ఉన్ని వాసన అనుకుంది. తడిసిన గొర్రెల మంద పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఆ వాసన బెదురు పుట్టించదు, పుట్టింటిని గుర్తుచేస్తుంది. బూట్లను ఎండలో పెట్టి లోపలికి పోయింది. వందలో పాళ్ళు చెప్పే ముక్కు అది. ఆ రోజు పనికిరాలేదు.

పన్నెండో రోజు కొండల్‌కు చలిజ్వరం వచ్చింది. చల్లగదిలో పనిచేసేవాడికి చలి పట్టిందంటే ఎవరికి అనుమానం వస్తుంది? గోలీ ఇచ్చింది. కాళ్ళు చల్లగా ఉంటాయని, మూడో జత అచ్చ ఉన్ని సాక్సులు చీకట్లోనే, అరికాలు చూడకుండా తనే తొడిగి, దుప్పటి కప్పింది. రెండు రోజులు అలాగే పడుకున్నాడు. మూడో రోజు పొద్దున మాట తడబడింది. ఒళ్ళు తుడుద్దామని ఆమె కుడి కాలి సాక్సు పట్టి లాగింది. సాక్సు రాలేదు. మడమకు అంటుకుపోయింది.

నీళ్ళు పోసి తడిపి తీసింది. మడమ కింద రూపాయి బిళ్ళంత నల్లటి గుంట. చుట్టూ చర్మం ఎర్రగా, మెరుస్తూ, చీలమండ దాకా. సక్కుబాయి అరవలేదు. ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది, చెప్పుల్లేకుండా.

శంషాబాద్ దవాఖానవాళ్ళు చూసి, ఇక్కడ కాదని పట్నంలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మూడు రోజులు మందులెక్కించారు. నలుపు ఆగలేదు. ఎముక దాకా పోయిందని ఫోటో తీసి చూపించారు. చివరికి పెద్ద డాక్టరు వచ్చి, మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కుతాడు, ఆలస్యం చేస్తే మాట ఇవ్వలేను అన్నాడు. వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది సక్కుబాయి. ఐదో తరగతి దాకా చదివింది. ఆ సంతకం పెట్టేటప్పుడు చదువు రాకపోయినా బాగుండేదనిపించింది.

కాగితం మీద రాసుకుంటున్న చిన్న డాక్టరు, "పనిలో ఏం తొడుక్కునేవాడు?" అని అడిగాడు. ఆమె నోరు విప్పేలోపే మంచం మీది నుంచి కొండల్ జవాబిచ్చాడు.

"కంపెనీ బూట్లు సార్. సైజు పెద్దగున్నయ్. గవే రాసినయ్."

డాక్టరు అదే రాసుకున్నాడు. సక్కుబాయి తల వంచుకుని నిలబడింది.

ఆ సాయంత్రం అనుపమ చూడటానికి వచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చున్నాక సక్కుబాయి సంచిలోంచి ఒక సాక్సు తీసి ఆమె చేతిలో పెట్టింది. ఉతికిందే, రెండో జతలోది. ఎందుకిచ్చిందో తనకే తెలియదు. తిట్టించుకోవాలని కావచ్చు. అనుపమ అలవాటు కొద్దీ బొటనవేలు లోపలికి పెట్టి మడమ దాకా జరిపింది. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ ఒకసారి జరిపి, మళ్ళీ ఆగింది.

"ఇది వేడినీళ్ళలో ఎవరు రుద్దారండీ?"

"నేనే మేడం."

అనుపమ సాక్సును మడిచి తిరిగి ఇచ్చేసి, చాలాసేపు సక్కుబాయి చెయ్యి పట్టుకుని కూర్చుంది. తిట్టి ఉంటే సక్కుబాయికి తేలికయ్యేది.

మర్నాడు పొద్దున ఆపరేషన్. ఆకుపచ్చ గౌను తొడిగించి, కుడికాలికి మార్కరుతో గీత గీసి పోయారు. కొండల్‌కు జ్వరం తగ్గి మాట తేటపడింది. వార్డులో టిఫిన్ బండి తిరుగుతోంది. అతనికి తినడానికి లేదు, ఆమెకు సయించలేదు. ఇంక దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"బూట్లు కాదయ్యా. నేను చేసిన సాక్సులే. మడమ కింద గట్టిగ కట్ట కట్టినయ్. నీ కాలును నేనే తిన్న."

కొండల్ కిటికీ వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"తెల్సు."

"ఏం తెల్సు?"

"కట్ట కట్టింది తెల్సు. కాలుకు తెల్వలే. తొడిగేటప్పుడు చేతికి తగులుతుండె. నాలుగో దినమే తగిలింది."

సక్కుబాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం ఇనుప పట్టీ పట్టుకుంది.

"తగిల్తె చెప్పొద్దా? ఇప్పి పారేయొద్దా? పాత జత ఇంట్లనే ఉండె గద."

"చెప్దామనే అనుకున్న" అన్నాడు కొండల్, తప్పు చేసినవాడిలా నెమ్మదిగా. "నాలుగేండ్ల సంది నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని నువ్వు ఏడ్వనీకి తయారుగ ఉంటివి. గా సాక్సులు తొడిగినంక నవ్వినవ్. నాలుగు దినాలు నవ్వనీ, తర్వాత చెప్త అనుకున్న. మల్ల రోజూ నవ్వుతనే ఉంటివి."

స్ట్రెచర్ తెచ్చిన ఇద్దరు మనుషులు, జరగమ్మా అని ఆమెను పక్కకు జరిపి, అతన్ని ఎత్తి పడుకోబెట్టారు. ఆమె వాళ్ళ వెంట తలుపు దాకా నడిచింది. లోపలికి రాకూడదన్నారు. తలుపు మూసుకున్నాక కూడా సక్కుబాయి అక్కడే నిలబడి ఉంది.